పైన వాన మిగిల్చిన నీరు శివారుకే చేరాలి: సాగునీటి అధికారులకు బహిరంగ లేఖ

కృష్ణా పశ్చిమ డెల్టాలో నీటి పంపిణీ చూసే ఇంజనీర్లకు, నీటి వినియోగదారుల సంఘాల బాధ్యులకు, గుంటూరు, బాపట్ల జిల్లాల పాలనాధికారులకు,

నమస్కారాలు. ఎండలో గట్ల వెంట తిరిగే సిబ్బంది కష్టం మాకు తెలియనిది కాదు. అయినా ఈ లేఖ బహిరంగంగా రాయవలసి వచ్చింది. మా కాలువ మీద నీటి పంపిణీలో జరుగుతున్న తప్పును శివారు (కాలువ చివరి భూముల) రైతులం కొందరం నోటితో చెప్పాం, కాగితం మీద రాసి ఇచ్చాం, సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడి కూడా విన్నవించాం. రసీదు వచ్చింది. "పరిశీలనలో ఉంది" అన్న మాట వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు. మరో వేసవి వంతులు మొదలయ్యేలోగా ఈ విషయం మీ అందరి దృష్టికీ, కాలువ కింద బతికే ప్రజల దృష్టికీ ఒకేసారి రావాలని ఇలా రాస్తున్నాను.

విషయం ఒక్కటే. వేసవిలో కాలువకు వదిలే నీటికి మీరు వంతుల పట్టిక వేస్తున్నారు, కాని ఆకాశం మారినప్పుడు ఆ పట్టిక మారడం లేదు. పై ఆయకట్టులో గాలివాన పడి అక్కడ అవసరం తీరిపోయిన నీటిని శివారుకు భద్రంగా చేర్చే ఏర్పాటు లేదు. శివారులో చినుకు పడకపోయినా ఎక్కడో పడిన వానను చూపించి మా తడిని, అంటే పైరుకు ఒకసారి పెట్టే నీటిని, రద్దు చేయకుండా ఆపే నియమమూ లేదు. కేటాయింపుల తగాదాలోకి, రాష్ట్రాల వాటాల లెక్కల్లోకి నేను పోవడం లేదు. మీరు ఇప్పటికే వదులుతున్న నీటిలోనే, అదనంగా ఒక్క క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) అడగకుండా, ఈ రెండు లోపాలు సరిదిద్దవచ్చని చెప్పడమే నా ఉద్దేశం.

గత ఏప్రిల్‌లో మా కాలువ మీద జరిగింది చెబితే సంగతి తేలికగా అర్థమవుతుంది. మొక్కజొన్న, జొన్న పైర్లకు చివరి తడి కోసం, మంచినీటి చెరువులు నింపడం కోసం వంతు ప్రకటించారు. పై ఊళ్లకు ముందు, మాకు తరువాత. నీరు సగం దూరం వచ్చిన రోజు సాయంత్రం పై ఊళ్ల మీద ఉరుములతో గాలివాన కురిసింది. పొలం తడిసిన రైతు ఇంక నీరు ఎందుకనుకుంటాడు. తూములన్నీ ఒకదాని తరువాత ఒకటి మూసేశారు. అందులో వారి తప్పేమీ లేదు, కోతకొచ్చిన పైరులో నీరు నిలిస్తే పడిపోతుంది. కాని మూసిన సంగతి కింద ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి గట్టు మీద కాలువను, తూములను చూసుకునే లస్కరు లేరు. పది ఊళ్లు పంచుకోవలసిన నీరు ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. గుర్రపుడెక్క అనే నీటి కలుపు పేరుకుపోయిన వంతెన దగ్గర ఎగదన్ని, బలహీనంగా ఉన్న గట్టు తెగి గండి పడింది. కొంత నీరు కల్లాల మీదికి పోయి ఆరబోసిన కండెలను తడిపింది, తక్కినది మురుగు కాలువలో కలిసి సముద్రం దారి పట్టింది. గండి పూడ్చేవరకు మా కాలువ కట్టేశారు. తరువాతి వారమంతా వడగాలి వీచింది. మా చివరి తడి ఏదని అడిగితే, రికార్డు ప్రకారం ఆ వంతు నీరు కాలువ మొదట్లో పూర్తిగా పారిందని, కాబట్టి ఇచ్చినట్టేనని సమాధానం వచ్చింది.

రికార్డు అబద్ధం కాదు. మొదట్లో కొలబద్ద దగ్గర నీరు పారిన మాట నిజమే. ఆ నీరు ఎవరి పొలానికీ చేరలేదన్నది అంతకంటే పెద్ద నిజం, దాన్ని రాసుకునే చోటు మీ పుస్తకంలో లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో మీకు నేను చెప్పవలసిన పని లేదు, కాని ఈ లేఖ చదివే తక్కినవారి కోసం రాస్తున్నాను. ప్రకాశం బ్యారేజీ కింద తూర్పు, పశ్చిమ డెల్టాలు కలిపి 13 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. బ్యారేజీ దగ్గర నిలిచేది మాత్రం సుమారు 3 టీఎంసీలే (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 1855లో పాత ఆనకట్ట పూర్తయిన నాడూ, 1957లో బ్యారేజీ వచ్చిన తరువాతా అది నీటిని కాలువల్లోకి మళ్లించే కట్టడమే గాని దాచుకునే జలాశయం కాదు. వేసవిలో మన అవసరానికి నీరు పైనున్న 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం నుంచో, ఇంకా పైన నాగార్జునసాగర్ నుంచో నదిలో దిగి రావాలి. అలా వచ్చిన నీరు సీతానగరం దగ్గర పశ్చిమ కాలువలో పడి, దుగ్గిరాల లాకులు దాటి, కొమ్మమూరు కాలువ గుండానో నిజాంపట్నం కాలువ గుండానో చివరి ఊళ్లకు చేరేసరికి రోజులు గడుస్తాయి. సెకనుకు రెండడుగుల వేగంతో పారే నీరు గంటకు రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరం మాత్రమే పోతుంది. ఎండిన కాలువ అయితే ముందు ఆ కాలువే తాగాలి.

అంటే వాన కురిశాక పులిచింతలలో గేటు దించినా, అప్పటికే దారిలో ఉన్న నీరు వస్తూనే ఉంటుంది. నీటిని పైన దాచదలిస్తే వానకు ముందే ఆ మాట పైకి చెప్పాలి. వాన పడ్డాక మన చేతిలో మిగిలే నిర్ణయం ఒక్కటే, దారిలో ఉన్న నీటిని ఎటు పంపాలన్నది. ఆ నిర్ణయం ఎవరు, ఎప్పుడు, ఎవరితో మాట్లాడి తీసుకోవాలో ఈ రోజుకీ మా కాలువ మీద రాసిపెట్టి లేదు. రాసిపెట్టి లేకపోతే ఆ నిర్ణయం మురుగు కాలువే తీసుకుంటుంది.

దీనివల్ల మామూలు మనుషులకు జరిగే నష్టం ఇది.

1. మొదట నష్టపోయేది ఆలస్యంగా వేసిన మొక్కజొన్న, జొన్న. మన డెల్టాలో వరి కోత నవంబరు, డిసెంబరు తుఫానులకు చిక్కుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన సంవత్సరం ఎన్ని వరి ఓదెలు నీళ్లలో తేలాయో అందరం చూశాం. అలాంటి ఏడాది పొలం ఆరి, దుక్కి లేకుండా మొక్కజొన్న గింజ పెట్టేసరికే సంక్రాంతి దగ్గర పడుతుంది. ఆ పైరు పూత, పీచు, గింజ పాలు పోసుకునే దశలు మార్చి చివర, ఏప్రిల్‌లో ఎండలకు ఎదురుగా పడతాయి. ఆ పదిహేను, ఇరవై రోజుల్లో ఒక్క తడి తప్పితే కండె చివర గింజ కట్టదు, కట్టిన గింజ తాలుగా మారుతుంది. అంతకు ముందు పెట్టిన విత్తనం, ఎరువు, పురుగుమందు ఖర్చు మాత్రం తగ్గదు. శివారులో ఈ పైరు వేసేవారిలో ఎక్కువమంది కౌలు రైతులు. కౌలు ముందే ముట్టజెప్పి ఉంటారు. 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం దక్కనివారికి నష్టపరిహారం జాబితాలో పేరు కూడా ఉండదు. తడి తప్పిన రైతు డీజిలు ఇంజను తెచ్చి మురుగు కాలువ నీటిని ఎత్తిపోస్తాడు. ఆ నీటిలో ఉప్పు ఎంత ఉందో చూసుకునే తీరిక అతనికి ఉండదు, ఆ ఉప్పు పొలంలోనే మిగిలి తరువాతి వరి నారును దెబ్బతీస్తుంది. ఒక రాత్రి తూములు మూసిన సంగతి ఫోనులో చెప్పకపోవడం ఒక కుటుంబాన్ని రెండు పంటల అప్పులోకి నెట్టగలదని మీరు గుర్తించాలి.

2. మంచినీటి చెరువులు నిండవు. రేపల్లె, నిజాంపట్నం వైపు భూగర్భ జలం ఉప్పన. అక్కడి ఊళ్లకు కాలువ నీటితో నింపిన చెరువే తాగునీరు. వంతు తప్పితే పంచాయతీలు ట్యాంకర్ల వెంట, ఇళ్లలో ఆడవాళ్లు నీళ్ల క్యాన్ల వెంట పడాలి. పాడి గేదెల సంగతి ఎవరూ లెక్కలో రాయరు, కాని ఎండాకాలం గేదె తాగే నీరు మనిషి తాగే నీటికి ఎన్నో రెట్లు, నీరు తగ్గితే పాలు తగ్గుతాయి. కూలి దొరకని ఆ నెలల్లో చాలా ఇళ్లకు పాల డబ్బే ఆధారం.

3. గండ్లు పడిన చోట కల్లాలు తడుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మిర్చి, మొక్కజొన్న, పసుపు ఆరుబయటే ఉంటాయి. పైనుంచి వచ్చే వానకు పట్టాలు కప్పుకోవచ్చు, కింద నుంచి వచ్చే కాలువ నీటికి ఏ పట్టా అడ్డు కాదు.

4. ఏప్రిల్‌లో వృథా అయిన నీటి ఫలితం జూన్‌లో కనిపిస్తుంది. 2022లో కృష్ణా డెల్టాకు జూన్ 10న నీరు వదలాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు రైతులు సంతోషించారు, ఎందుకంటే నారుమడి ముందు పడితే కోత తుఫానుకు ముందే వస్తుంది. ఆ మొదటి నీటికి పులిచింతలలో నిల్వ ఉండాలి. వేసవి వంతుల్లో ప్రతిసారీ కొంత నీరు సముద్రంలోకి పోతే, నారుమళ్లు వెనకబడి, కోత మళ్లీ తుఫాను నెలలోకి జరిగి, మొక్కజొన్న మళ్లీ ఆలస్యమై, మొదటి అంశంలో చెప్పిన నష్టమే తిరిగి వస్తుంది.

5. ఊళ్ల మధ్య పగలు పెరుగుతాయి. అర్ధరాత్రి తూము దగ్గర కర్రలు పట్టుకొని నిలబడే మనుషులు పగలు ఒకే పెళ్లి పందిట్లో కూర్చునే బంధువులే.

ఇక రెండో లోపం గురించి. వాన పడిందని శివారు తడిని రద్దు చేసే పద్ధతి మీద నాకు ఎక్కువ ఆక్షేపణ ఉంది, ఎందుకంటే అది పైకి న్యాయంగా కనిపిస్తుంది. మండల కేంద్రంలో వర్షమాపకం ఒక సెంటీమీటరు చూపిస్తే మండలమంతా తడిసినట్టు రాసుకుంటారు. వేసవి వాన అలా కురవదు. క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం ఒక ఊరిని ముంచి పక్క ఊరిని దుమ్ముతో వదిలేస్తుంది. పోనీ, ఆ సెంటీమీటరు మా పొలంలోనే పడిందనుకుందాం. ఒక సెంటీమీటరు వాన అంటే ఎకరానికి 40 వేల లీటర్ల పైచిలుకు నీరు. వినడానికి పెద్ద సంఖ్యే. కాని నాలుగు అంగుళాల తడి అంటే పది సెంటీమీటర్లు, అందులో ఇది పదో వంతు. ఏప్రిల్ చివర, మే నెలలో మన ఎండకు, గాలికి నేల నుంచీ పైరు నుంచీ రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఒక సెంటీమీటరు వాన పైరుకు రెండు రోజులు కూడా చాలదు. దాని పేరు చెప్పి పదిహేను రోజులకొకసారి వచ్చే తడిని రద్దు చేయడం లెక్కకు నిలవదు.

అదే లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. 100 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే 86.4 లక్షల ఘనపుటడుగులు అవుతుంది. నాలుగు అంగుళాల తడికి ఎకరానికి 14,520 ఘనపుటడుగులు చాలు. దారిలో ఇంకిపోయేది తీసేయకముందు ఆ ఒక్క రోజు నీరు దాదాపు 595 ఎకరాల తడి. ఇంకుడు, ఆవిరి కింద మూడో వంతు పోయినా దాదాపు నాలుగు వందల ఎకరాలకు సరిపోతుంది. పై ఊళ్లలో వాన పడి తూములు మూసిన ఒక్క రోజు నీటిని దారి తప్పకుండా కిందికి తెస్తే ఒక శివారు గ్రామం మొత్తం గట్టెక్కుతుంది. మురుగు కాలువలోకి పోతున్నది ఆ గ్రామం పంట.

"వేసవి వాన ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు?" అని మాతో ఒక అధికారి అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పది రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. కాని గుంటూరు పక్కన లాంలోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. వాతావరణ శాఖతో కలిసి ఇచ్చే వ్యవసాయ సలహా ప్రతి మంగళవారం, శుక్రవారం వస్తుంది, అందులో రాబోయే ఐదు రోజుల వాన, ఎండ, గాలి అంచనా ఉంటుంది. పిడుగుల వానకు కొన్ని గంటల ముందు హెచ్చరిక మన ఫోన్లకే వస్తోంది. ఐదు రోజుల అంచనా పులిచింతలకు చెప్పడానికి సరిపోతుంది, కొన్ని గంటల హెచ్చరిక లస్కరును గట్టు మీదికి పంపడానికి సరిపోతుంది. ఈ రెండూ మనకు ఇప్పటికే అందుతున్నాయి, వాటిని వంతుల పట్టికతో కలిపే పనే ఎవరూ చేయడం లేదు.

బాధ్యత ఎవరిదన్న దగ్గర మరో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కాలువ మొదలు గుంటూరు జిల్లాలో, చివర చాలావరకు బాపట్ల జిల్లాలో పడింది. పైన అడిగితే కింది జిల్లా చూడాలంటారు, కింద అడిగితే పైనుంచి నీరు రాలేదంటారు. నీటికి జిల్లా సరిహద్దు లేదు, అర్జీకి మాత్రం ఉంది.

అందువల్ల మేము కోరేవి ఇవి.

1. వేసవి వంతుల పట్టికను ప్రతి మంగళ, శుక్రవారాల్లో వాతావరణ సలహా వచ్చిన రోజే సరిచూసి, మార్పు ఉన్నా లేకపోయినా ఆ రాత్రికే గ్రామ సచివాలయం బోర్డు మీద, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. వంతుల పట్టిక తయారుచేసి అమలు చేసే పని 1997 నాటి సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన అధ్యక్షులు ఈ సమీక్షలో కూర్చోవాలి, సంతకం చేయాలి.

2. పై ఆయకట్టులో వాన పడి తూములు మూసినప్పుడు ఆ నీరు ఎవరికి వెళ్లాలో ముందే వరుస రాసిపెట్టాలి: మొదట నిండని మంచినీటి చెరువులు, తరువాత గింజ పోసుకునే దశలో ఉన్న శివారు పైర్లు, ఆ తరువాత తదుపరి వంతులో రావలసిన ఊళ్లు. ఈ మూడింటికీ అక్కర లేదని తేలాకే మురుగు కాలువ షట్టరు ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ ఎందుకు ఎత్తారో, ఎంతసేపు ఎత్తారో రాయాలి.

3. శివారు తడిని వాన కారణంగా రద్దు చేయాలంటే ఆ వాన శివారులోనే కొలిచి ఉండాలి. ఎన్ని సెంటీమీటర్లు పడితే ఏ పైరుకు ఒక తడి కిందికి వస్తుందో లాం శాస్త్రవేత్తలు చెప్పాలి, దాన్ని నియమంగా పాటించాలి. ఖరీదైన యంత్రాలు అడగడం లేదు, ప్రతి శివారు గ్రామ సచివాలయం మీద ఒక మామూలు వర్షమాపకం పెట్టి వ్యవసాయ సహాయకుల చేత చదివిస్తే చాలు.

4. ప్రతి కాలువకు చివర కూడా కొలబద్ద పెట్టి, వంతు రోజుల్లో ఉదయం, సాయంత్రం రీడింగు ప్రకటించాలి. చివర కొలబద్ద దగ్గర నీరు నమోదు కాకుండా వంతు పూర్తయినట్టు రాయకూడదు. మిగతా కోరికలన్నీ ఆలస్యమైనా ఈ ఒక్కటి వెంటనే చేయవలసిందిగా ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. శివారులో కొలవనంతకాలం శివారు కష్టం ఏ కాగితంలోనూ కనిపించదు.

5. ఏప్రిల్ నుంచి జూన్ వరకు లస్కరు లేని తూములు, లాకుల మీద తాత్కాలికంగానైనా మనుషులను పెట్టాలి. గాలివాన హెచ్చరిక వచ్చిన రాత్రి వారు గట్టు మీద ఉండాలి, వారికి టార్చిలైటు, రెయిన్‌కోటు, పై లాకు సిబ్బంది ఫోను నంబరు ఇవ్వాలి. పిడుగుపాటు వేళ నిలబడేందుకు లాకుల దగ్గర పైకప్పు ఉన్న చోటు కూడా ఉండాలి. మా నీటి కోసం ఒక మనిషి ప్రాణం పోవడం మాకు వద్దు.

6. రెండు జిల్లాల పరిధిలో ఉన్న ప్రతి కాలువకు, మొదటి నుంచి చివరి వరకు వేసవి వంతులకు జవాబు చెప్పే ఇంజనీరు ఒక్కరే ఉండాలి.

7. గుర్రపుడెక్క, తూటికాడ, పూడిక తీసే పని కాలువలు కట్టిన రోజుల్లోనే పూర్తి కావాలి. నీరు వదిలాక టెండరు పిలిచే అలవాటు మానాలి.

8. గత ఏప్రిల్‌లో గండి వల్ల తడిసిన పంటకు, తడి అందక తాలుపోయిన పైరుకు కౌలు రైతులతో సహా నష్టం లెక్కించాలి.

పై ఆయకట్టు రైతు సోదరులకు కూడా రెండు మాటలు. మీ పొలం తడిశాక తూము మూయడం మీ హక్కు. మూసేముందు కింది ఊరికి ఒక్క ఫోను చేయండి, సంఘం అధ్యక్షుడికి చెప్పండి. మీ వంతు కాని రాత్రి కాలువలో మోటారు దించకండి, ముఖ్యంగా చెరువులు నింపే రోజుల్లో. ఆ నీరు మీ ఆడపడుచులు కాపురముంటున్న ఊళ్ల తాగునీరు కూడా.

ఈ కోరికల్లో ఏది సాధ్యం, ఏది కాదు, కాకపోతే ఎందువల్ల కాదో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా మనవి. ఆ జవాబు ఒక్క మనిషి చేతికి కాక, కాలువ కింద ఉన్న ప్రతి పంచాయతీ బోర్డు మీదికి రావాలి. వచ్చే వేసవి మొదటి వంతు ప్రకటించే రోజుకన్నా ముందు రావాలి. అప్పటికీ రాకపోతే శివారు గ్రామాల రైతులం, మంచినీటి చెరువుల మీద ఆధారపడ్డ ఊళ్లవాళ్లం కలిసి, నీటి సంఘాల సర్వసభ్య సమావేశాలు వేయమని కోరుతూ నోటీసులు ఇస్తాం. చివర కొలబద్ద విషయం ఆ సమావేశాల్లో మొదటి అంశంగా పెడతాం. గత వంతుల రీడింగు పుస్తకాల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద ఇప్పటికే అడిగి ఉన్నాం, వాటిని ఆలస్యం లేకుండా ఇప్పించగలరు.

ఇట్లు,
పశ్చిమ డెల్టా శివారు ఆయకట్టు రైతు,
గుంటూరు